తల లేని టోపీలు

జూన్ 6

పిచ్చుకకి,

కట్టు పోయిన నెలలోనే విప్పేశారు. ఇది నా చేత్తో నేనే రాస్తున్న ఉత్తరమని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, విరిగింది ఎడమ మణికట్టు, రాసేది కుడిచెయ్యి. ఎడమది ప్రస్తుతం కాగితం కదలకుండా పట్టుకుని కూర్చుంది. ఈమధ్య దానికి ఇచ్చిన ఉద్యోగాల్లో ఇదే పెద్దది.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని అడుగుతావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. కాగితం మీదైతే నాకూ వంతు వస్తుంది.

దీనితోపాటు వస్తున్న డబ్బాలో రెండు డజన్ల క్రోషా టోపీలున్నాయి. నువ్వు చెప్పిన కొలతే, తల చుట్టూ తొమ్మిది సెంటీమీటర్లు. నడినెత్తిన ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ పోయి, తల గుండ్రం వచ్చాక పెంచడం ఆపి, చివర అంచు పైకి మడిచాను. అరచేతిలో పట్టే బొమ్మకి అంతకంటే సింగారం అక్కర్లేదనుకున్నాను.

మీ కార్ఖానాలోంచి నమూనాకి ఒక్క బొమ్మ తల కూడా బయటికి రానివ్వరని చెప్పావు. ఫరవాలేదు, నాకది అలవాటే. ఇరవై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను, ఒక్కరి నోరూ చూసి ఎరగను. డాక్టరు నోటి అచ్చు పంపుతారు, నేను పళ్ళు పంపుతాను, తరవాత చీటీ వస్తుంది. "ఎడమవైపు గుచ్చుకుంటోంది." "కింది పలక వదులు." ఆ చీటీలే నా కళ్ళు.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను, సరదాగా తీసుకోకు. టోపీలు బాగున్నాయా అని కాదు నేను అడిగేది, సరిపోయాయా అని. కుట్లు వేసేది కుడిచెయ్యే అయినా, దారాన్ని ఎంత బిగువున వదలాలో చూసుకునేది ఎడమచెయ్యి. ఆ బిగువు పోతే స్కేలుకి దొరకదు, నూలు సాగుతుంది కనక బల్ల మీద అన్ని టోపీలూ ఒకలాగే కనిపిస్తాయి. తలకి పెడితేనే ఒకటి కుదురుగా కూర్చుంటుంది, ఒకటి కళ్ళ మీదికి జారుతుంది. జారితే జారిందని రాయి.

మా ల్యాబు పెద్దాయన నా కుర్చీ అలాగే ఉంచారు. "చెయ్యి కుదిరిందని మీరు చెప్పిన రోజే రండమ్మా. నేను పరీక్షలు పెట్టను, మీ మాట చాలు" అన్నారు. ఆ మాట చెప్పడానికి నాకు ఆధారం కావాలి. అది నీ దగ్గర ఉంది.

మీ అన్నయ్య కులాసా. రోజూ వంటింట్లోకి వచ్చి సాయం చేస్తున్నారు. ఇంట్లో మాడని గిన్నె ఇంకొకటే మిగిలింది.

నీ
కొలబద్ద వదిన


జూన్ 19

మా కొలబద్ద వదినకి,

టోపీలు అందాయి. డబ్బా మూత తియ్యగానే బల్ల మీద పూలు పోసినట్టయింది. పక్క బల్లలవాళ్ళంతా పని ఆపేసి నా మీద పడ్డారు.

సరిపోయాయా అంటావా? అన్నీ సరిపోయాయి, వదినా. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. మా మేస్త్రీ ఒకటి బొమ్మకి పెట్టి, తలని గిర్రున తిప్పి, "ఇది అల్లిందా, మొలిచిందా?" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడమంటే చిన్న విషయమనుకున్నావా? నా పని కనుబొమలు వెయ్యడం కదా, మొన్న నేను వేసినవాటిలో అరడజను తలలు తీసి పక్కన పారేశాడు. కనుబొమ వెంట్రుకవాసి పైకి లేచినా బొమ్మ అనుమానంగా చూస్తుందట. "పిల్లలు కొనుక్కునేది బొమ్మనమ్మా, తనిఖీ అధికారిని కాదు" అని అందరి ముందూ అన్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలాంటి మనిషి నీ టోపీలకి తల వంచాడు.

ఇంకా పంపు. ఎన్నైనా పంపు. అన్నయ్యని వంటింట్లోంచి బయటికి గెంటి గొళ్ళెం పెట్టుకో.

నీ పిచ్చుక


జూలై 11

పిచ్చుకకి,

నీ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను. చదివినప్పుడల్లా సంతోషమే, అయినా దాని వెనక ఒక చిన్న సందేహం వస్తోంది. రెండు డజన్లలో ఒక్కటైనా తప్పకుండా రావడమేమిటి? చెయ్యి విరగకముందు కూడా నేనంత గట్టిదాన్ని కాదు.

వాటిలో ఆకుపచ్చవి రెండున్నాయి చూడు. అవి అల్లిన రోజు మణికట్టు బాగా లాగింది, మధ్యలో రెండుసార్లు ఆపి వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నాను. అవి వదులు వచ్చి ఉంటాయని నా అనుమానం. శ్రమ అనుకోకుండా ఆ రెండూ మళ్ళీ ఒక తలకి పెట్టి చూసి రాయి. వదులైతే బాధపడను. ఏ రోజు తప్పానో తెలిస్తే ఆ రోజు చేతిని ఎలా పట్టుకున్నానో గుర్తు తెచ్చుకుని సరిచేసుకుంటాను. ఇదంతా నీకు చాదస్తంగా ఉంటుందని తెలుసు.

ఈసారి డబ్బాలో అంచుకి రెండో రంగు వేసినవి ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఒక వింత జరిగింది. నేనింకా కవరు చింపనే లేదు, మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి, "అన్నీ సరిపోయాయటనా?" అని నవ్వు మొహంతో అడిగారు. నాకంటే ముందే ఆయనకి ధైర్యం వచ్చేసింది. మంచి మనిషి, ఏం చేస్తాం.

నీ వదిన


జూలై 24

వదినా,

ఆకుపచ్చవి ప్రత్యేకంగా తీసి చూశాను, సరేనా? చెక్కు చెదరలేదు. పైగా వాటి కోసం ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ళు కాసేపు మాట్లాడుకోవడం మానేశారు. రెండు రంగుల అంచువైతే ఇంకా కుదిరాయి.

అనుమానం నీకెందుకు? అది మా మేస్త్రీ పారేసిన తలలకి ఉండాల్సిన జబ్బు. నువ్వు హాయిగా అల్లుకో, హాయిగా తిను, హాయిగా పడుకో. కొలబద్దకి కూడా సెలవులుంటాయి.

పిచ్చుక


ఆగస్టు 3

పిచ్చుకకి,

నీకే ముందు చెబుతున్నాను. ల్యాబుకి తిరిగి వెళుతున్నాను.

నిన్న నీ ఉత్తరాలు రెండూ ఎదురుగా పెట్టుకుని పెద్దాయనకి ఫోను చేశాను. "చెయ్యి కుదిరిందండీ" అన్నాను. "నిజంగానా అమ్మా?" అన్నారు. "ఊరికే చెప్పడం లేదండీ, కొలతకి పని చేసి, చూసినవాళ్ళ చేత సరిపోయిందనిపించుకుని చెబుతున్నాను" అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

కిందపడిన రోజున, తడినేల మీద ఆ చప్పుడు విన్నప్పుడు, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నా పనంటే తెలుసుగా, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, పైవరసా కిందివరసా ఒకదానితో ఒకటి కలిసేలా చూడటం. ఆ పళ్ళు నిలిచే పలకని పట్టుకునేది ఎడమచెయ్యే. అది వణికితే కుడిచెయ్యి ఎంత తెలివైనదైనా దండగ. నీ మాట లేకపోతే ఆ ఫోను చేసేదాన్ని కాదు.

దీనితో ఇంకో డబ్బా టోపీలు పంపుతున్నాను. మీ మేస్త్రీ గారికి నా నమస్కారాలు చెప్పు.

నీ వదిన


ఆగస్టు 9

వదినకి,

మంచి వార్తే. కానీ ఇంత తొందరెందుకు? ఇంకో రెండు మూడు నెలలు ఇంట్లో టోపీలు అల్లుకుంటూ ఉండకూడదా? చెయ్యి కదా, దానికీ టైము కావాలి. డాక్టరునొకసారి అడిగావా? అన్నయ్య ఏమన్నాడు?

వద్దని కాదు. ఊరికే రాస్తున్నాను.

పిచ్చుక


ఆగస్టు 27

పిచ్చుకకి,

నీ చిన్న ఉత్తరం చూసి నవ్వుకున్నాను. నేను ల్యాబుకి పోతే మీకు టోపీలు ఆగిపోతాయని బెంగ పట్టుకుందన్న మాట. ఆగవు. సాయంత్రాలు అల్లుతున్నాను, మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబులో కూడా. ఈ డబ్బా అలా తయారైందే.

నా కుర్చీ, నా దీపం, మైనం వాసన, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను లేనప్పుడు ఎవరో నా చాకుకి పదును పెట్టి ఉంచారు, ఎవరో చెప్పడం లేదు.

నేను చేసిన మొదటి జతకి చీటీ వచ్చింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ పళ్ళు. "పై పలక ఊగుతోంది, ఎడమవైపు ఎత్తు." నేను అచ్చు మళ్ళీ చూసి, "డాక్టరు గారు తొందరలో అచ్చు సరిగా తీసినట్టు లేదండీ" అని పెద్దాయనతో అన్నాను. ఆయన అదే మాట డాక్టరుకి చేరవేశారు. మామూలుగానైతే ముందు నా చేతినే అనుమానించేదాన్ని. ఈసారి దాని తరఫున సాక్ష్యం ఉంది కదా.

నీ వదిన


సెప్టెంబరు 1

పిచ్చుకకి,

ఈ ముక్క అందగానే మొన్నటి డబ్బా పక్కన పెట్టేయి. మేస్త్రీ గారికి చూపించకు.

ఇవాళ నా ల్యాబు కోటు ఉతకబోతే జేబులో సన్న క్రోషా సూది దొరికింది. ల్యాబుకి వెళ్ళిన మొదటి రోజే అందులో వేసుకుని మరిచిపోయాను. నా సూదులు రెండింటి పిడికీ నీలం దారమే చుట్టి ఉంటుంది. అంటే ఆ డబ్బాలోవన్నీ రెండోదైన లావు సూదితో అల్లాను. లెక్క అదే, కుట్లు అవే, టోపీ మాత్రం తలకి ఒకటిన్నర రెట్లు. అవి మీ బొమ్మకి పెడితే గడ్డం దాకా దిగుతాయి, మొహమే కనబడదు. ఇన్ని అల్లినా నా వేళ్ళకి ఆ తేడా తెలియలేదే అన్నది నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

వెనక్కి పంపు. విప్పి మళ్ళీ అల్లుతాను.

వదిన


సెప్టెంబరు 2

మా బంగారు వదినకి,

డబ్బా నిన్ననే వచ్చింది. ఎంత బాగున్నాయో! ఉద్యోగం చేస్తూ ఇవి ఎప్పుడు అల్లావు తల్లీ? అన్నిటిలోకీ ఇవే బాగా కుదిరాయి. పుట్టినప్పటి నుంచీ పెట్టుకున్నట్టే ఉన్నాయి బొమ్మలకి. మేస్త్రీ అయితే, "మీ వదినగారి చెయ్యి విరగకముందు ఎలా ఉండేదో గానీ, ఇప్పుడు మాత్రం" అని మాట పూర్తి చెయ్యకుండా చెయ్యి ఇలా ఊపాడు.

ఆ చీటీ సంగతి పట్టించుకోకు. తప్పు డాక్టరుదే అయ్యుంటుంది.

ముద్దులతో,
పిచ్చుక


సెప్టెంబరు 10

మరదలికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది నీకు అందేసరికి నీది నాకు అందింది.

గడ్డం దాకా దిగవలసిన టోపీలు పుట్టినప్పటి నుంచీ పెట్టుకున్నట్టు కుదిరాయి. అది జరగాలంటే ఒక్కటే దారి. వాటిని ఏ తలకీ పెట్టలేదు.

ఇప్పటిదాకా పంపినవాటిలో ఎన్ని తలకి పెట్టి చూశావు? ఆకుపచ్చవి ప్రత్యేకంగా తీసి చూశానన్నావు, దేనికి పెట్టి చూశావు? ఆ బొమ్మ అసలుందా?

కబుర్లు వద్దు. ఈ మూడింటికీ జవాబు రాయి.

నీ అన్నయ్యని అడగలేదు. ముందు నీ దగ్గర వినాలనుకుంటున్నాను.


సెప్టెంబరు 18

వదినా,

లేదు. ఆ బొమ్మ లేదు.

అంటే ఉండేది. ఏప్రిల్‌లో దాన్ని చెయ్యడం ఆపేశారు. కొలత నిజంది. దానికి అల్లిన టోపీలు కూడా ఒకప్పుడు నిజంగానే కొనేవాళ్ళు. నువ్వు మొదటి డబ్బా పంపేసరికి కార్ఖానాలో ఆ తలలు లేవు. టోపీలన్నీ మా ఇంట్లో, బీరువా మీద బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. మేస్త్రీ ఒక్కటి కూడా చూడలేదు. ఆయన అన్నాడని రాసినవన్నీ నేను అల్లినవే.

మే నెలలో అన్నయ్య ఫోను చేశాడు. ఏడ్చాడు వదినా. అన్నయ్య ఏడుపు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. "మీ వదిన గోడ ముందు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఇంకెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంటోందే. పిలిస్తే పలకదు. ఏదో ఒక పని చెప్పవే దానికి, నీ మాటైతే వింటుంది" అన్నాడు. నాకు ఆ బొమ్మ గుర్తొచ్చింది. చెప్పాను. నువ్వు లేచి కూర్చున్నావు. దారం కొనుక్కొచ్చావట, అన్నంలోకి ఏం కావాలని అడిగావట. ఆ రోజు అన్నయ్య గొంతు నువ్వు వినుంటే!

సరిపోయాయా అని నువ్వు అడుగుతుంటే ధైర్యం చెప్పమంటున్నావనుకున్నాను. టోపీయే కదా, ఎవరికి ఏం నష్టం అనుకున్నాను. ల్యాబుకి వెళతానన్నప్పుడు మాత్రం భయమేసింది. తొందరెందుకని రాశాను. అంతకు మించి కలం కదల్లేదు. అన్నయ్యే చెబుతాడనుకున్నాను. అన్నయ్య నేను చెబుతాననుకున్నాడట.

కోప్పడు, తిట్టు. కానీ ఒక్క మాట. నిన్ను ఆ గోడ ముందు నుంచి లేపింది మేమే. దాన్ని ద్రోహం అంటావా?

నీ పిచ్చుక


సెప్టెంబరు 29

మరదలికి,

ఈ ఉత్తరంలో నిన్ను "మీరు" అని సంబోధించాలనుకుని మొదటి పేజీ అలాగే రాశాను. చదువుకుంటే పరాయివాళ్ళ ఉత్తరంలా ఉంది. చించేశాను.

లేపారన్నది నిజం. కాదనను. లేచిన మనిషిని నడవనిచ్చి, కళ్ళు మాత్రం మీ దగ్గర ఉంచుకున్నారు. అదీ నిజమే. రెండూ పక్కపక్కన రాసుకుని చూస్తున్నాను. ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు.

ఆ పెద్దావిడ కథ పూర్తిగా విను. చీటీ ఒకటి కాదు, మూడు వచ్చాయి. ఆవిడ ఆ పళ్ళతోనే, లోపల పుండుపడ్డ చిగుళ్ళతోనే భోంచేస్తూ, "కొత్తవి కదండీ, నాకే అలవాటు కాలేదేమో" అని డాక్టరుతో అన్నదట. పళ్ళ మీద నమ్మకంతో తన నోటినే అనుమానించింది. పెద్దాయన ఆ జతని తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒక్క మాట పరుషంగా అనలేదు. "మీరే కుదిరిందన్నారు కదమ్మా" అన్నారు. అంతే.

కుదిరిందని నేనే అన్నాను. నా జీవితంలో నా పని గురించి ఒక తప్పుడు మాట చెప్పి ఎరగను. మీ అబద్ధం నా నోట్లోంచి నిజంలా బయటికి వచ్చింది. అచ్చు తప్పని నేను నింద మోపిన డాక్టరు గారింటికి వెళ్ళి, తప్పు ఆయనది కాదు నాదని చెప్పి వచ్చాను. మీ అన్నయ్య తోడు వస్తానన్నారు. వద్దన్నాను. నా కుర్చీలో ఇప్పుడు ఇంకో అమ్మాయి కూర్చుంటోంది. నేను వెనక గదిలో అచ్చుల్లో సున్నపుముద్ద పోస్తున్నాను. దానికి బిగువు అక్కర్లేదు.

మీ మేస్త్రీ నీ కనుబొమ వంకరగా ఉంటే ఏం చేస్తాడు? అందరి ముందూ తీసి పారేస్తాడు. నువ్వు ఇంటికి పోయి ఏడుస్తావు, మర్నాడు తిన్నగా వేస్తావు. ఆయన ఒక ఏడాది పాటు ప్రతి కనుబొమా అద్భుతమంటూ, వాటిని గోనెసంచిలో దాచిపెట్టి ఉంటే నీ చెయ్యి ఏమయ్యేది? నీ పనికి అలాంటి మనిషిని ఉంచుకుని, నా పనికి లేకుండా చేశావు. నేను నిన్ను అడిగింది అదొక్కటే. మొదటి ఉత్తరంలోనే, సరదాగా తీసుకోవద్దని కూడా రాసి అడిగాను.

ఇక్కడ నువ్వైతే టోపీ పెట్టడం మీద ఏదో ఒక జోకు వేసేదానివి. వెయ్యకు.

అన్నిటికంటే లోపల ఎక్కడో తగిలింది వేరే ఉంది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నీకు నేను వదిననే గానీ పరాయిదాన్నని ఏనాడూ అనుకోలేదు. ఇవాళ తెలిసింది. అన్నాచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకుంటారు, వదినకి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో నిర్ణయించుకుంటారు. మీరిద్దరూ ఒక గదిలో, నేను తలుపు బయట. నేను కవరు విప్పకముందే "అన్నీ సరిపోయాయటనా" అన్న మనిషిని చూసి మంచివాడని మురిసిపోయాను.

దీనికి జవాబు అవసరం లేదు.

వదిన


అక్టోబరు 20

వదినకి,

జవాబు వద్దన్నావు. ఇది జవాబు కాదు, చీటీ.

బీరువా మీది డబ్బా కార్ఖానాకి తీసుకెళ్ళి మేస్త్రీ ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన అనని మాటలు అన్నట్టు రాశానని కూడా చెప్పాను. ఆయన విని లేచాడు. తరవాత స్టోర్‌రూములో గోనెసంచి దులిపి, ఆ పాత చిన్న బొమ్మ తల ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పెట్టు. ఒక్కొక్కటీ పెట్టు. నేను చూస్తాను" అన్నాడు. రెండు సాయంత్రాలు పట్టింది.

మొదటి డబ్బాలోవి సగానికి పైగా వదులు. ఆకుపచ్చవి రెండూ ముక్కు దాకా జారాయి. నువ్వు అనుకున్నదే. రెండు రంగుల అంచువాటిలో వదులు తగ్గింది, కానీ మూడు మరీ బిగిశాయి, తలకి ఎక్కలేదు. ఆగస్టు మొదట్లో వచ్చినవి దాదాపు అన్నీ కూర్చున్నాయి. కడపటి డబ్బాలోవి గడ్డం దాటి దిగాయి. వాటిలో కుట్లు కూడా ఒకచోట బిగువు, ఒకచోట వదులు. చెయ్యి అలిసిపోయినట్టుందని మేస్త్రీ అన్నాడు. ఇది ఆయన నిజంగా అన్నమాట.

ఇంకొకటి కూడా అన్నాడు, అదీ రాయాలి. "జూన్‌వి చూపించి ఉంటే వెనక్కి పంపేవాణ్ణి. పంపి ఉంటే ఆవిడ చెయ్యి ఈపాటికి తయారై ఉండేది. తిన్నగా బాగుపడుతున్న చేతిని చెడగొట్టావు కదమ్మా."

ఆ తల ఈ డబ్బాలో పంపుతున్నాను. అడిగి తీసుకున్నాను, దొంగతనం కాదు. అది పారేసిన తలే. నేను చేరిన కొత్తలో వేసిన కనుబొమలు, ఎడమది పైకి లేచింది.

క్షమించమని రాసి కొట్టేశాను. అది అడగడం కూడా ధైర్యం చెప్పమనడం లాగే ఉంది.

పిచ్చుక


నవంబరు 6

పిచ్చుకకి,

తల అందింది. చీటీ కూడా. నువ్వు రాసిన ఉత్తరాలన్నిటిలోకీ దాచుకోదగినది ఇదొక్కటే, మిగిలినవి పొయ్యిలో వేశాను. ఏ కబురూ లేకుండా నువ్వు రాసిన మొదటి ఉత్తరం కూడా ఇదే. రాసేటప్పుడు ఎంత కష్టపడి ఉంటావో తెలుసు.

ఆగస్టువి కూర్చున్నాయన్న వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. చెయ్యి నా మాట వినడం మొదలుపెట్టిందన్న మాట. నాకు తెలియకుండానే తయారైంది, నాకు తెలియకుండానే పాడైంది. నా చేతి సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

మళ్ళీ మొదలుపెట్టాను. ప్రతి టోపీ నేనే ఆ తలకి పెట్టి చూసుకుంటున్నాను. నిన్నటిది వదులు. ఇవాళ్టిది ఫరవాలేదు. ల్యాబులో ఇంకా సున్నమే. పెద్దాయన ఏమీ అడగరు, నేనూ ఏమీ చెప్పను. ఈసారి చెప్పేటప్పుడు ఎవరి మాటా అరువు తెచ్చుకోను.

మనం ఎలా ఉన్నామని నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. మీ అన్నయ్యతో మాట్లాడుతున్నాను. ఆయన పొద్దున్నే నేనిచ్చిన టీ తాగి, "బాగుంది" అంటారు, ఎప్పుడూ అనేదే. ఇప్పుడు ఆయన లేచి వెళ్ళాక గ్లాసు తీసి అడుగున ఎంత వదిలారో చూస్తున్నాను. చూడకూడదనుకుంటాను, చెయ్యి దానంతటదే వెళుతుంది. మాట విని నమ్మడం, మీరు నా దగ్గర నుంచి తీసుకున్నది అది. ఎప్పటికి తిరిగి వస్తుందో తెలిస్తే రాసేదాన్ని. వస్తుందని ఊరికే రాయలేను. నీకు నేను అబద్ధం చెప్పను.

ఉత్తరాలు రాయి. నేనూ రాస్తాను. టోపీలు మాత్రం ఇక పంపను.

తలని కిటికీలో పెట్టాను. నెత్తిన ఇవాళ్టి టోపీ ఉంది. కుదురుగానే కూర్చుందని నాకనిపిస్తోంది. అది మాత్రం ఆ ఎడమ కనుబొమ ఎత్తి, నా మాట నమ్మనట్టే చూస్తోంది. ప్రస్తుతానికి ఈ ఇంట్లో నాకు నచ్చిన మొహం అదొక్కటే.

వదిన